మెషీను వెనక పదమూడు గిన్నెలు

చదివేవాళ్ళకు ముందే చెప్పుకుంటాను. మా ఆయన ఉన్నంతకాలం సంతకాలు, కాగితాలు ఆయనే చూసుకున్నాడు. ఆయన పోయాక, యాభై అయిదో ఏట, పని చేసే ఇంట్లో పాప హోంవర్కు పక్కన కూర్చుని నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తులు ఇప్పటికీ ఒక్కోసారి పక్క అక్షరం కిందికి జారిపోతాయి. చెయ్యి కూడా నిదానం. ఈ నాలుగు కాగితాలు నింపడానికి రెండు నెలలు పట్టింది. ఈ కథలో ఒక మెషీను వస్తుంది, అదీ నిదానమే. దాన్ని భరించినట్టే నన్నూ భరించండి.

ఆ గురువారం పొద్దున మద్దమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. నానిన మినప్పప్పు రుబ్బాలి, రవ్వ కలపాలి, గిన్నె తీసుకుపోయి మెషీను వెనక పెట్టాలి, మధ్యాహ్నం మూడుకల్లా పిండి పొంగాలి. శుక్రవారం పొద్దున డాక్టరు సాదిక్ గారు వస్తున్నారు, ఇడ్లీలు తినడానికీ, మద్దమ్మ పనిచేసే ఇంటి భరద్వాజ్ సారు కట్టిన లెక్క చూడడానికీ. ఇడ్లీ మెచ్చి, లెక్క కూడా మెచ్చితే ఆదివారం మద్దమ్మ విమానం ఎక్కుతుంది. రాయచోటి దగ్గర పల్లెలో ఆమె కూతురు వెంకటేశ్వరికి నెలలు నిండాయి. తొలి కాన్పుకు మద్దమ్మ పోలేకపోయింది. రెండోదానికి ఆకాశం విరిగి పడినా వస్తానని మాట ఇచ్చింది.

మద్దమ్మ పనిచేసేది కువైట్‌లో, ఫింటాస్‌లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, మూడో అంతస్తు ఫ్లాటులో. భరద్వాజ్, అక్షయ విజయవాడవాళ్ళు. అక్షయ పళ్ళ డాక్టరు. వాళ్ళకు నాలుగేళ్ళ పాప. అంతకుముందు పద్నాలుగేళ్ళు అరబ్బు ఇళ్ళలో చేసిన అలవాటు కొద్దీ, కూతురి వయసున్న అక్షయను కూడా మద్దమ్మ, అక్కడ యజమానురాలిని పిలిచినట్టే, "మామా" అని పిలిచేది. మాన్పించాలని అక్షయ మొదటి నెలంతా చూసింది. రెండో నెల నుంచి తనే పలకడం మొదలుపెట్టింది.

భరద్వాజ్ చేసే పని చెప్పడం కొంచెం కష్టం. మద్దమ్మకు అర్థమైనట్టే చెబుతాను. ఒంట్లో గడ్డ ఉంటే, కత్తి పెట్టకుండా, చెవికి వినపడని శబ్దాన్ని బయటినుంచి లోపలికి పంపిస్తారు. అన్ని వైపుల నుంచీ వచ్చిన శబ్దం గడ్డ దగ్గర ఒక్కచోట కలుస్తుంది. కలిసినచోట వేడి పుట్టి గడ్డ ఉడుకుతుంది, పైన తోలు మాత్రం చల్లగానే ఉంటుంది. అయితే ఆ శబ్దం కొవ్వులోంచి, కండలోంచి, ఎముక పక్కనుంచి పోతూ పోతూ దారి తప్పొచ్చు. తప్పితే గడ్డకు బదులు దాని పక్కనున్నది ఉడుకుతుంది. అందుకని కంప్యూటరులో ముందే ఒక ఉత్తుత్తి ఒళ్ళు తయారుచేసి, దాన్ని ఆవగింజలంత ముక్కలు చేసి, ఏ ముక్క ఎంత వేడెక్కుతుందో క్షణక్షణానికీ లెక్క కట్టాలి. ముక్కలు కోట్లలో ఉంటాయి. ఈ కథ నాటికి ఒక మనిషి లెక్కకు పదకొండు రోజులు పడుతోంది.

"మనిషిని బల్ల మీద పండబెట్టి పదకొండు దినాలు కదలకు అంటమా?" అని ఆ వైద్యం చెయ్యబోయే డాక్టరు సాదిక్ అడిగారు. గంటలోపల తేలాలన్నారు.

ఆఫీసులో ఉన్న పెద్ద కంప్యూటరుకు రెండు నెలల వరుస ఉంది. అందుకని భరద్వాజ్ మొదట్లోనే హవల్లీలో కంప్యూటరు దుకాణాలకు నాలుగుసార్లు తిరిగి, సామాను కొనుక్కొచ్చి, ఇంట్లోనే ఒక మెషీను కట్టుకున్నాడు. నల్లగా, బియ్యపు డ్రమ్మంత ఉండేది. దానికి మద్దమ్మ గదిలోనే చోటు దొరికింది. మంచం అక్కడే ఉండిపోయింది, మద్దమ్మ పడుకోవడం మాత్రం పాప గదిలోకి మారింది.

పాపను చూసుకోవడానికి ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. లెక్క తేలితే భరద్వాజ్ సెలవు పెట్టి ఇంట్లో ఉంటాడు, మద్దమ్మ ఊరికి పోవచ్చు. తేలకపోతే ఎవరూ కదలడానికి లేదు. ఒకరోజు తెర మీద ఒక మూల వేలు పెట్టి చూపించాడు. "మద్దమ్మా, ఈ అంకె నూరైతే నీ టికెట్టు వచ్చేసినట్టే." మద్దమ్మకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. ఆ రోజు నుంచి పొద్దున్నే వీరభద్రస్వామి పటానికి ఒక దండం, తెర మీది అంకెకు ఒక దండం పెట్టేది.

ఇక పిండి సంగతి. బయట ఎండ నలభై ఎనిమిది దాకా పోయినా, ఫ్లాటులో మాత్రం ఏసీ పుణ్యమా అని పన్నెండు నెలలూ మాఘమాసమే. రుబ్బిన పిండి మర్నాడు చూసినా రుబ్బినట్టే ఉండేది. దుప్పటి కప్పి చూసింది, ఓవెన్లో దీపం వేసి పెట్టి చూసింది. ఇడ్లీలు పాప ఆడుకునే బిళ్ళల్లాగే వచ్చేవి. మెషీను వచ్చిన రెండో రోజు గది తుడుస్తూ దాని వెనక చెయ్యి పెట్టింది. వెచ్చటి గాలి. ఊళ్ళో పొయ్యిగట్టు గుర్తొచ్చింది. ఆ పొద్దున పెట్టిన పిండి మూడు గంటలకల్లా మూతను భుజాన మోస్తూ బయటికి చూసింది.

రెండో అంతస్తులో పనిచేసే కళావతి ఆ ఇడ్లీ ఒకటి నోట్లో పెట్టుకుని నమలడం ఆపింది. కళావతి మంచి మనిషే. నోట్లో నువ్వుగింజ నానదు, అంతే.

"మ్మేయ్ మద్దమ్మా, ఈ పిండి యాడ పెట్నావు?"

"గిన్నెలో పెట్నా."

"గిన్నె యాడ పెట్నావు?"

మద్దమ్మ చెప్పకూడదనే అనుకుంది. కానీ కళావతి ఇంట్లో శుక్రవారం పన్నెండు మంది తింటారు, పిండి పొంగకపోతే ఆమెకు పడే మాటలు మద్దమ్మకు తెలుసు. చెప్పింది. నెల తిరిగేసరికి మెషీను వెనక అయిదు గిన్నెలున్నాయి, మరో నెలకు పదమూడు. ఎవరిది ఏదో తెలియడానికి రంగు గుడ్డపేలికలు కట్టుకున్నారు. ఇంటివాళ్ళు పనులకు పోగానే వంటింటి వెనక తలుపు గుండా గిన్నెలు వచ్చేవి, మూడు గంటలకు వెళ్ళిపోయేవి. లిఫ్టులో మోసుకొచ్చేది బిల్డింగు కాపలాదారు, అక్కడి మాటలో హారిస్, జిలానీ బాషా. కాపలాతోపాటు కరెంటు, నీళ్ళు కూడా అతనే చూసుకుంటాడు. అతనిదీ ఒక చిన్న స్టీలు డబ్బా ఉంది, పచ్చ పేలిక కట్టింది. మామూలు రోజుల్లో నాలుగైదు గిన్నెలు ఉండేవి. మర్నాడు సెలవు కాబట్టి గురువారం పదమూడూ వచ్చేవి.

మెషీను వెనక తీగల గుట్ట. అటు పోతే ఏదో ఒకటి ఊడుతుందని భరద్వాజ్‌కే భయం, ఎప్పుడూ పోలేదు. కానీ మెషీను ఏ రోజు ఎంత వేగంగా నడిచిందో గీత గీసి గోడకు అంటించేవాడు. వారంలో అన్ని రోజులూ కొండ ఎక్కుతున్న గీత గురువారం రాగానే బావిలో పడేది. బాషాను పిలిపించాడు.

"బాషా భాయ్, గురువారం గురువారం బిల్డింగులో కరెంటు ఏమైనా తగ్గుతోందా?"

బాషా గది లోపలికి ఒకసారి, మద్దమ్మ మొహంలోకి ఒకసారి చూశాడు. "తగ్గుతాది సార్. గురువారం అందరూ గుడ్డలు ఉతుక్కుంటారు."

భరద్వాజ్ ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. కరెంటు సమంగా ఉండడానికి హవల్లీ నుంచి ఒక పెద్ద స్టెబిలైజరు తెచ్చి మెషీను పక్కన పెట్టాడు. దాని పైభాగం కూడా వెచ్చగా ఉంది. రెండు గిన్నెలకు మంచి చోటు దొరికింది.

తర్వాత మెషీను వేడెక్కుతోందేమోనని టేబులు ఫ్యాను తెచ్చి పెట్టాడు. గాలికి పిండి చల్లబడుతోందని మద్దమ్మ దాని మొహం గోడవైపు తిప్పింది. ఆ పైన గదిలో ఏసీని పద్దెనిమిదికి దించాడు. ఆడవాళ్ళంతా ఆలోచించి అక్షయ పాత రజాయి ఒకటి గిన్నెల మీద కప్పారు. రజాయి పెద్దది, మిగిలిన కొస మెషీను వీపు మీద వేశారు. సారు ఎంత చల్లబరిస్తే వీళ్ళు అంత వెచ్చబరిచారు. ఒకరి పని ఒకరికి తెలియదు. ఏడు రోజుల లెక్క తొమ్మిదయింది, తొమ్మిది పదకొండయింది. తన టికెట్టుకు తనే గిన్నెలు అడ్డం పెడుతున్నానని తెలియక మద్దమ్మ, అంకె త్వరగా కదలాలని వీరభద్రస్వామికి తలనీలాలు మొక్కుకుంది.

చివరికి భరద్వాజ్ ఆరు వారాలు కూర్చుని, లెక్కకట్టే పద్ధతినే మార్చేశాడు. ఆ గురువారం పొద్దున టిఫిన్ తింటూ అక్షయకు చెప్పాడు. "గడ్డ దగ్గర మాత్రమే ఆవగింజంత ముక్కలు. దూరంగా ఉన్నచోట ఇటుకంత ముక్కలు చాలు. వేడి ఎక్కడ ముఖ్యమో అక్కడే జాగ్రత్తగా లెక్క కడతాం."

చట్నీ వడ్డిస్తున్న మద్దమ్మ ఆగింది. "మరి ఇన్నాళ్ళూ కాలిగోరు కాడ గూడా ఆవగింజలేనా సార్?"

"అవును."

"కడుపులో గడ్డకు?"

భరద్వాజ్ ప్లేటు వైపు చూశాడు. "అవును."

మద్దమ్మ చట్నీ గిన్నె లోపలికి తీసుకుపోయింది.

ఏడు గంటలకు కొత్త లెక్క మొదలుపెట్టి, "యాభై నిమిషాలు. నేను ఆఫీసు కుర్చీలో కూర్చునేసరికి అయిపోతుంది" అని భరద్వాజ్ వెళ్ళిపోయాడు. అక్షయ పాపను బడిలో దించడానికి బయల్దేరింది. ఏడుంపావుకు పదమూడు గిన్నెలూ వచ్చాయి. రజాయి కప్పారు.

మధ్యాహ్నం పన్నెండుకు భరద్వాజ్ మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. తెర మీద అంకె ముప్ఫై ఒకటి దగ్గర ఉంది. చేతిలో డబ్బాతోనే మద్దమ్మ మంచం మీద కూలబడ్డాడు. కొంతసేపటికి లేచి హాల్లోకి పోయి అక్షయకు ఫోన్ చేశాడు.

"కాలేదు. అయిదు గంటల్లో ముప్ఫై ఒకటి. నా పద్ధతే తప్పనుకుంటా. రేపు రావద్దని సాదిక్ గారికి చెప్పేస్తాను. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. మూడు నెలలు పడుతుంది." ఫోను పెట్టి, వంటింటి గుమ్మంలో నిలబడ్డ మద్దమ్మ వైపు చూడకుండానే అన్నాడు. "టికెట్టు మార్చాలి మద్దమ్మా."

డాక్టరు ఫోను తియ్యలేదు. ఒంటిగంటకు తనే చేస్తానని కబురు పెట్టారు.

మద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని తన గదిలోకి పోయింది. ఏడుద్దామనే పోయింది. కానీ కాలికి జిగటగా ఏదో తగిలింది. కళావతి ఎప్పటిలాగే గిన్నె అంచు దాకా పోసింది. ఎర్ర పేలిక కట్టిన గిన్నెలోంచి పిండి పొంగి, నేల మీద పాకుతూ, మెషీను కాళ్ళ దాకా వచ్చింది. పిండి తగిలి మెషీను కాస్తా ఆగిపోతే మూడు నెలలు కాస్తా ముప్ఫై అవుతుంది. ఏడుపు తర్వాత చూసుకోవచ్చని మద్దమ్మ రజాయి లాగేసి, గిన్నెలన్నీ ఎత్తి మంచం మీద పెట్టి, తడిగుడ్డతో నేల తుడిచింది. లేచి నిలబడి తెర చూసింది. ముప్ఫై నాలుగు.

పొద్దుటి నుంచి అరగంటకొకసారి చూస్తున్న అంకె అది. ముప్ఫై అయిదయింది. ముప్ఫై ఆరు.

ముందు తన గిన్నె తీసి వెనక పెట్టింది. అంకె నెమ్మదించింది. తీసింది, కదిలింది. కళావతి గిన్నె పెట్టి చూసింది. అది పెద్దది కాబట్టి అంకె నిలబడే పోయింది. తీసింది, మళ్ళీ కదిలింది. ఇలా ఆరుసార్లు చేసింది. వేడి పోయే దారికి అడ్డం పెడితే ఏ పొయ్యీ సరిగా మండదని ఆమెకు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ తెలుసు. ఇది పొయ్యి అనే అనుకుంది, కానీ దీనికీ దారి కావాలని ఇన్నాళ్ళూ తట్టలేదు. పదకొండు వారాలు. తలనీలాల మొక్కు కూడా గుర్తొచ్చింది. అది ఇక అనవసరమేమో, కానీ మొక్కు మొక్కే.

పదమూడు గిన్నెలనూ బాత్రూములోకి చేర్చింది. రజాయి మడత పెట్టింది. ఫ్యాను మొహం మెషీను వైపు తిప్పింది. యాభై రెండు. అరవై. డెబ్బై ఒకటి.

హాల్లో ఫోను మోగింది. "సార్, రేపటి సంగతి చెబుదామనే చేశాను," అంటున్నాడు భరద్వాజ్. "కుదిరేలా లేదు సార్. నా పద్ధతిలో ఏదో..."

"సారూ," అని మద్దమ్మ గుమ్మంలోంచి పిలిచింది.

"ఫోన్లో ఉన్నా మద్దమ్మా."

"మాట్లాడతా మాట్లాడతానే ఒకసారి వచ్చి అంకె సూడండి సార్."

భరద్వాజ్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని వచ్చాడు. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. తెర మీద నూరు పడింది. మెషీను పెద్దగా ఊపిరి వదిలి ఊరుకుంది.

"హలో, ఏమన్నవ్? కుదరదా?" ఫోనులో సాదిక్ గారు.

"కుదిరింది సార్."

"ఇప్పుడేగద కుదరదంటివి?"

"ఇప్పుడే కుదిరింది సార్."

ఫోను పెట్టేశాక భరద్వాజ్ తెరను, గోడ మీది గీతలను మార్చి మార్చి చూశాడు. "అయిదు గంటలు నిద్రపోయి, ఒక్కసారిగా లేచి పరిగెత్తింది. ఎందుకంటావు?"

"అలిసిపోయింటాది సార్," అంది మద్దమ్మ. నిజం చెబితే టికెట్టు ఉంటుందో పోతుందో ఆమెకు తెలియలేదు. తెలియనప్పుడు మాట్లాడకూడదని పద్నాలుగేళ్ళలో నేర్చుకుంది.

మూడు గంటలకు ఆడవాళ్ళు వచ్చారు. సగం పొంగిన పిండి బాత్రూము చలికి కుంగిపోయి ఉంది. మెషీను చల్లగా, చప్పుడు లేకుండా నిలబడి ఉంది.

"ఇదేం అన్యాయం మ్మేయ్," అంది కళావతి. "రేపు శుక్రవారం. మా ఇంట్లో పన్నెండు మందికి ఏం పెట్టల్ల నేను? నా మొగం పెట్టల్లా?"

మద్దమ్మ తలుపు దగ్గరికి వేసి సంగతంతా చెప్పింది. "గిన్నెలు పెడితే అంకె నిలబడిపోతాది అక్కా. రేపు డాక్టరు ముందర ఇంకోసారి నడుపుతారంట. నా బిడ్డ కాన్పు. ఒక్క శుక్రవారం ఓర్సుకోండి."

ఆడవాళ్ళు మెత్తబడ్డారు. రేపు ఎవరూ రారని కళావతి ఒట్టు వేసింది. ఏ దేవుడి మీదో మాత్రం చెప్పలేదు.

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు డాక్టరు సాదిక్ వచ్చారు. హైదరాబాదు మనిషి, పొడుగ్గా, మాటకు ముందు ఒకసారి కళ్ళజోడు సర్దుకునే అలవాటు. బల్ల మీద ఉప్మా చూసి కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఇడ్లీ అన్నరు గద?"

"పిండి పొంగలేదు సార్," అంది అక్షయ. ఆమెకు అంతకు మించి తెలియదు.

డాక్టరు ఉప్మాను అటు ఇటు కదిపి, టీ తాగి లేచారు. కొత్త లెక్క ఆయన ముందు మొదలైంది. నలభై ఎనిమిది నిమిషాల్లో నూరు పడింది. తెర మీద ఉత్తుత్తి ఒంట్లో, గడ్డ ఉన్నచోట మాత్రమే కుంకుమ బొట్టంత ఎర్రగా కనిపించింది. భరద్వాజ్ చెమట తుడుచుకున్నాడు. మద్దమ్మ వంటింట్లోంచే దండం పెట్టింది.

"మంచిగున్నది," అన్నారు సాదిక్. "ఇప్పుడు పాత పద్ధతి గూడ నడుపు."

"పాతదా సార్?"

"రెండిట్ల వేడి ఒక్క జాగలనే వస్తదా, లేదా? తొందరగ వచ్చినంత మాత్రాన సరిగ్గ వచ్చినట్టు గాదు. లెక్కల ఒక జానెడు తప్పితే ఆడ మనిషి కాల్తడు భరద్వాజ్. రెండూ ఒక్కటే చెప్తేనే నేను సంతకం పెడ్త."

పాత పద్ధతిలో చిన్న ముక్క లెక్క ఒకటి పెట్టారు, నాలుగు గంటల్లో తేలాలి. తొమ్మిదిన్నరకు మొదలైంది. పదకొండుంబావుకు నలభై నాలుగు దాకా వచ్చింది. జుమ్మా నమాజు వేళయిందని డాక్టరు లేచారు. భరద్వాజ్ కారులో తీసుకుపోయాడు. జిలానీ బాషా కూడా వాళ్ళతోనే వెళ్ళాడు. అక్షయ పాపకు స్నానం చేయిస్తోంది.

పాత పద్ధతి నడిచేటప్పుడు మెషీను చేసే హోరు వంటింటి గొట్టంలోంచి రెండో అంతస్తుకు వినపడుతుంది. అయిదు నిమిషాల్లో వెనక తలుపు మీద గోరుతో గీకిన చప్పుడయింది. తీస్తే కళావతి, ఆమె వెనక మెట్ల దాకా గిన్నెలు.

"ఒట్టు ఏసినావు గదక్కా?"

"నీ లెక్క అయ్యేదాకా రానని ఏసినా. నూరు అయింది గదా? నిన్న అయింది, పొద్దున అయింది. ఖలాస్. ఇప్పుడు నడుస్తాండేది పాతది. అది ఎట్లా నిదానమేనని మీ సారే చెప్తాండె. దానికి గిన్నెలు పెడితే ఏమి, పెట్టకపోతే ఏమి?"

మద్దమ్మ ఎంత ఆలోచించినా ఆ మాటలో తప్పు దొరకలేదు. పైగా డాక్టరు ఉప్మా ముట్టుకోలేదు. ఆయన తిరిగొచ్చేసరికి వేడి ఇడ్లీ పెట్టగలిగితే సంతకం ఇంకాస్త బలంగా పడుతుంది. తన గిన్నె తనే ముందు పెట్టింది. చివరికి రజాయి కూడా కప్పారు.

ఒంటిగంటకు పావు తక్కువకు డాక్టరు తిరిగొచ్చి తెర ముందు నిలబడ్డారు. కళ్ళజోడు సర్దుకున్నారు. నలభై తొమ్మిది.

"పాతది ఎప్పుడూ ఇంతే సార్," అన్నాడు భరద్వాజ్.

"ఇంతే గాదు. పోయేటప్పుడు పావుగంటకు ఆరు లెక్కన నడిచింది. నేను చూసిన. గంటన్నరల అయిదేనా?" ఆయన రోగి నుదురు చూసినట్టు మెషీను పక్కన చెయ్యి పెట్టారు. "దీనికి జ్వరమున్నది."

అని, ఇంతవరకూ ఇంట్లో మగవాళ్ళెవరూ పోని చోటికి, మెషీను వెనక్కి పోయారు. రజాయి కొస పట్టుకుని ఎత్తారు.

పదమూడు గిన్నెలు. ఎరుపు, పసుపు, పచ్చ, నీలం పేలికలు. ఆయన ఒక మూత తీశారు. నిన్న సగంలో ఆగిన పిండి కాబట్టి ఎంతోసేపు పట్టలేదు, గుమ్మటంలా లేచి నిలబడి ఉంది.

"ఏందమ్మా ఇది?"

గుమ్మంలోంచి మద్దమ్మ చెప్పింది. "ఇడ్లీ పిండి సార్."

"ఎన్ని దినాల సంది?"

"పదకొండు వారాలు సార్. ఏసీకి పొంగదు సార్. ఈ మెషీను ఎనక వెచ్చగా ఉండాది. గిన్నెలు అడ్డమని నాకు నిన్ననే తెలిసింది. తెలిసినాక నిన్న తీసేసినా. అందుకే పరిగెత్తింది. పాతదానికి పర్వాలేదనుకుంటిమి. నా బిడ్డకు నెలలు నిండినాయి సార్. లెక్కలో తప్పేమీ ల్యా. తప్పు గిన్నెలదే."

భరద్వాజ్ గోడ దగ్గరికి పోయి గురువారాల బావులు వేలితో లెక్కపెట్టాడు. సరిగ్గా పదకొండు. తలుపు దగ్గర నిలబడ్డ బాషా వైపు తిరిగాడు. "గురువారం అందరూ బట్టలు ఉతుకుతారన్నావే?"

"ఉతుకుతారు గూడా సార్," అన్నాడు బాషా.

"అంటే నేను ఆరు వారాలు నిద్ర మానేసి కొత్త పద్ధతి రాసింది గిన్నెల మీదికి యుద్ధానికా?" భరద్వాజ్ మళ్ళీ మద్దమ్మ మంచం మీదే కూలబడ్డాడు. ఆ మంచం ఆ రెండు రోజుల్లో చాలా చూసింది.

డాక్టరు గిన్నెలను ఒక్కొక్కటిగా జానెడు దూరం జరిపారు. మెషీను ఊపిరి తీసుకుంది. యాభై. యాభై ఒకటి. ఆయన ఒక గిన్నె మీద చెయ్యి పెట్టి చూశారు. ఇంకా వెచ్చగానే ఉంది. ఇంత చిన్న జరుపుడు పదకొండు వారాల్లో పన్నెండు మంది ఆడవాళ్ళకు, బాషాకు, ఒక ఇంజనీరుకు తట్టలేదు.

"గిన్నెలు లేకుంటే పాతది ఎన్ని దినాలల్ల అయితుండె?"

భరద్వాజ్ మనసులో లెక్క వేశాడు. "రెండు రోజులు సార్."

"రెండు దినాలల్ల అయితుంటే నువ్వు కొత్తది రాస్తుంటివా?"

భరద్వాజ్ నిజాయితీగా ఆలోచించాడు. "రాసేవాణ్ణి కాదు సార్. రెండు రోజులే కదా అని సర్దుకునేవాణ్ణి."

"రెండు దినాలు గూడ బల్ల మీద ఎవ్వడు పండడు. పదకొండు దినాలు చేసి నీ పానం తీసిన్రు గాబట్టే యాభై నిమిషాలది పుట్టింది." ఆయన మద్దమ్మ వైపు తిరిగారు. "ఇడ్లీ పెడ్తవా, లేకుంటే మల్ల ఉప్మానేనా?"

రెండు గంటలకు ఇడ్లీలు దిగాయి. డాక్టరు మొదట రెండు, తర్వాత నాలుగు, తర్వాత లెక్క వదిలేసి తిన్నారు. మూడు కావస్తుండగా పాత లెక్కకు నూరు పడింది. కొత్త పద్ధతిలో కుంకుమ బొట్టు ఎక్కడ ఉందో పాతదానిలోనూ అక్కడే ఉంది. ఆయన చెయ్యి కడుక్కుని సంతకం పెట్టారు. పెట్టి, కలం మూత పెట్టబోతూ ఆగారు.

"ఒక్క మాట. కొత్తది గంటలోపల అయిపోతే ఈ మెషీను వేడెక్కదు గద. మరి పిండి?"

వంటింటి వెనక తలుపు సందులోంచి ఒక గొంతు వచ్చింది. "అదే సార్ మేమూ అడగల్ల అనుకుంటాండేది." కళావతిది.

డాక్టరు కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ కాగితం ముందుకు లాక్కుని, కింద ఒక వరుస చేర్చారు. కొత్త పద్ధతి ఎప్పటికప్పుడు సరిగ్గా ఉందని రుజువు కావడానికి, ప్రతి గురువారం పొద్దున ఏడు నుంచి మూడు దాకా పాత పద్ధతిని కూడా నడిపి పోల్చి చూడాలని.

ఆదివారం మద్దమ్మ విమానం ఎక్కింది. వెంకటేశ్వరికి బుధవారం ఆడపిల్ల పుట్టింది, మంత్రసానమ్మ కన్నా ముందు మద్దమ్మే ఎత్తుకుంది. తలనీలాలు కూడా ఇచ్చింది. ఆమె తిరిగొచ్చేదాకా గిన్నెల బాధ్యత కళావతికి అప్పజెప్పారు, జానెడు దూరం కొలవడానికి ఒక కర్రముక్క ఇచ్చి మరీ.

కొత్త పద్ధతి ఇప్పుడు ఆసుపత్రిలో నడుస్తోంది. ఇంట్లో మెషీను మాత్రం గురువారం గురువారం పాత లెక్క కడుతుంది, దానికి భరద్వాజ్ ఒక కాగితం నింపి ఆఫీసుకు పంపాలి. పేషెంటు పేరు దగ్గర మొదట్లో ఖాళీ వదిలేవాడు, ఖాళీ ఉండకూడదని తిప్పి పంపారు. ఇప్పుడు అక్కడ "పదమూడు" అని రాస్తున్నాడు. ఫలితం అన్నచోట ప్రతి వారం ఒకే మాట ఉంటుంది: పొంగింది.

కళావతి,
యాభై ఎనిమిదేళ్ళు,
ప్రస్తుతం అబూ హలీఫా, కువైట్.